సిమ్యులేటర్‌లో 85 దాటితేనే పేషెంట్ కన్ను ముట్టుకోనిస్తామంటున్నారు. ఈ పద్ధతి సరైనదేనా?

రెండో_ఏడు_పీజీ

అందరికీ నమస్కారం. నేను ఆప్తాల్మాలజీ (కంటి వైద్యం) రెండో సంవత్సరం పీజీని. కోస్తాలో ఒక కాలేజీ.

నాలుగు నెలల కిందట మా డిపార్ట్‌మెంట్‌కి శుక్లం ఆపరేషన్ నేర్పే వర్చువల్ రియాలిటీ (వీఆర్) సిమ్యులేటర్ వచ్చింది. తలకి తగిలించుకునే హెడ్‌సెట్ రకం కాదు. బల్ల మీద ప్లాస్టిక్ తల ఉంటుంది. మైక్రోస్కోప్‌లోంచి చూస్తూ పరికరాలను ఆ బొమ్మ కంట్లోకి దించాలి. లోపల కనిపించేదంతా కంప్యూటర్ గీసినదే, కానీ లోతు తెలుస్తుంది. కాళ్ల కింద పెడల్స్ కూడా ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో ఉన్నట్టే ఉంటాయి.

దానితోపాటు కొత్త రూల్ కూడా వచ్చింది. చేతి వణుకు అదుపు, ఫోర్సెప్స్ (సన్నని పట్టకారు) వాడకం, రెండు చేతుల సమన్వయం, రెక్సిస్ (లెన్సు ముందు పొరను గుండ్రంగా చింపడం), వీటన్నిట్లో వరసగా మూడుసార్లు 85 మార్కులు దాటాలి. అప్పటిదాకా ఓటీలో అసిస్ట్ చేయడం వరకే. ఈ రూల్ రాకముందు మా ఛీఫ్ పక్కన నిలబడి నాతో 11 కేసుల్లో టన్నెల్ (శుక్లం బయటికి తీయడానికి తెల్లగుడ్డులోంచి చేసే కోత దారి) చేయించారు. ఇప్పుడు అదీ ఆగిపోయింది.

మెషీన్ మీద 40 గంటలు కూర్చున్నాను. మిగతావన్నీ దాటాను. రెక్సిస్ దగ్గర 70ల్లోనే ఆగిపోతున్నాను. నా బ్యాచ్‌మేట్ వారంలో పాసై ఇప్పుడు కేసులు చేస్తోంది. తన మీద నాకే బాధా లేదు. బాగా చేస్తుంది కూడా. కానీ రోజూ రాత్రి తొమ్మిదికి ఆ గదిలోంచి బయటికొస్తుంటే నా చేతిలోనే ఏదో లోపం ఉందేమోనని టెన్షన్‌గా ఉంటోంది.

నా ప్రశ్న ఇది. ఆ స్కోరు నిజంగా పేషెంట్ కంట్లో నా చెయ్యి ఎలా ఉంటుందో చెప్పగలదా? మా సీనియర్లు మేక కళ్ల మీద చేసి, తర్వాత నేరుగా కేసుల్లోకి వెళ్లారు. వాళ్లు మంచి సర్జన్లే అయ్యారు కదా?

తేమ్స్_ఒడ్డు

నేను గుంటూరులో ఎంబీబీఎస్ చేసి, కంటి వైద్యంలో శిక్షణ ఇంగ్లండ్‌లో తీసుకున్నాను. మీ ప్రశ్నకి ఇక్కడ కొంత సమాధానం దొరికింది, అది చెబుతాను.

బ్రిటన్‌లో ఐసీ అనే సిమ్యులేటర్ ఎక్కువ వాడతాం. జర్మనీలో మాన్‌హైమ్‌కి చెందిన వీఆర్‌మ్యాజిక్ కంపెనీ తయారు చేసింది, ఇప్పుడు హాగ్-స్ట్రైట్ చేతిలో ఉంది. అది దేశమంతా వ్యాపించాక మొదటి, రెండో ఏడాది ట్రైనీలు చేసిన ఆపరేషన్ల రికార్డులు తీసి లెక్కగట్టారు. 265 మంది ట్రైనీలు, 17,831 ఆపరేషన్లు. 2009లో వీళ్ల చేతుల్లో వెనక పొర (లెన్సు వెనక ఉండే పల్చని పొర, చిరగకూడనిది) చిరిగినవి 4.2 శాతం. 2015కి అది 2.6కి దిగింది. అంటే మూడో వంతు కంటే ఎక్కువే తగ్గింది. ఒక మాట ఒప్పుకోవాలి. ఇది ట్రైనీలను చీటీలు తీసి రెండు జట్లు చేసి నడిపిన ట్రయల్ కాదు. ఆ ఆరేళ్లలో మారినవి ఇంకా ఏవైనా ఉండొచ్చు. అయినా 2009లో చిరిగి 2015లో చిరగని ఆ పొరల వెనక మనుషులున్నారు. నేను ఈ లెక్కను తేలిగ్గా తీసుకోలేను.

ఇంకాస్త దగ్గరగా వచ్చే పరిశోధన డెన్మార్క్‌ది, 2017లో వచ్చింది. 18 మంది సర్జన్లు. ముందు పేషెంట్ల మీద చేసిన ఆపరేషన్లు వీడియో తీశారు. తర్వాత నిర్ణయించిన స్థాయి అందుకునేదాకా సిమ్యులేటర్ మీద సాధన చేయించి, మళ్లీ వీడియో తీశారు. ఎవరి వీడియోనో తెలియని వాళ్లు మార్కులు వేశారు. కొత్తవాళ్లు 32 శాతం మెరుగయ్యారు. 75 ఆపరేషన్లు నిండని మధ్యస్థాయి వాళ్లు 38 శాతం. బాగా చెయ్యి తిరిగినవాళ్లకి మాత్రం ఏ మార్పూ లేదు.

దీని నుంచి నాకు అర్థమైంది ఏమిటంటే, మొదటి కొన్ని పదుల ఆపరేషన్లలో జరిగే తప్పులను ఈ మెషీన్ తన మీద వేసుకుంటుంది. మీరు సరిగ్గా ఆ దశలోనే ఉన్నారు. మీ సీనియర్లు మంచి సర్జన్లయ్యారు, నిజమే. అక్కడికి చేరేలోపు వాళ్ల చేతి కింద ఎన్ని పొరలు చిరిగాయో మాత్రం మనకి లెక్క లేదు.

మేక_కన్ను_మేష్టారు

నాయనా, నేను రిటైరైన ప్రొఫెసర్‌ని. మా రోజుల్లో తెల్లవారుజామున ఆరింటికి అటెండర్‌ని కబేళాకి పంపి, మేక కళ్లు ఐస్ డబ్బాలో తెప్పించేవాళ్లం. పది దాటితే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మసకబారిపోయేది, లోపల ఏమీ కనిపించేది కాదు. మేక కంటి ముందు పొర రబ్బరులా సాగుతుంది. దాని మీద రెక్సిస్ నేర్చుకున్న చెయ్యి మనిషి కంట్లోకి వెళ్లగానే అవసరానికి మించి లాగుతుంది, చిరుగు అంచుకి పరుగెడుతుంది. నేనే పడ్డ కష్టం అది. కాబట్టి రెక్సిస్ విషయంలో మెషీన్‌కే నా ఓటు.

టన్నెల్ మాత్రం వేరు సంగతి. మన జిల్లాల్లో శిబిరాల నుంచి వచ్చే పేషెంట్‌కి మీరు ఎక్కువగా చేసేది ఫాకో (చిన్న రంధ్రంలోంచి శుక్లాన్ని మెషీన్‌తో ముక్కలు చేసి పీల్చేసేది) కాదు, ఎస్‌ఐసీఎస్ (టన్నెల్ చేసి శుక్లాన్ని చేత్తో బయటికి తీసేది). ముదిరిన, గోధుమ రంగు తిరిగిన, కొన్నిసార్లు తెల్లగా పాలిపోయిన శుక్లాలు. తెల్లగుడ్డు మీద ఆరు, ఆరున్నర మిల్లీమీటర్ల కోత పెట్టి, ఆ తెల్లగుడ్డు (స్క్లీరా) మందంలో సగం లోతున బ్లేడు నడిపిస్తూ కార్నియా దాకా వెళ్లాలి. లోతెక్కువైతే ముందే లోపలికి దిగబడుతుంది, తక్కువైతే పైపొరకి చిల్లు పడుతుంది. ఆ తేడాని బ్లేడు కింద ఉన్న కణజాలం మీ వేళ్లకి చెప్పాలి. ఫాకో కోసం తయారైన సిమ్యులేటర్లలో ఆ స్పర్శ దొరకదు. టన్నెల్‌కి మేక కన్నే ఇప్పటికీ మంచి గురువు.

కాబట్టి మీ డిపార్ట్‌మెంట్ చేసిన పొరపాటు మార్కుల గేటు పెట్టడం కాదు. రెక్సిస్ గేటుకి టన్నెల్‌ని కూడా కట్టేయడం. ఆ 11 టన్నెల్స్ ఛీఫ్ కళ్లెదుట చేశావు. అవి ఆపాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

ఖరీదైన మెషీన్ లేకపోతే చదువే లేదని కూడా ఎవరూ అనుకోవద్దు. కెన్యా, టాంజానియా, ఉగాండా, జింబాబ్వేల్లోని 50 మంది ట్రైనీలతో ఒక ట్రయల్ నడిచింది, 2021లో ప్రచురించారు. కృత్రిమ కళ్ల మీద గట్టి శిక్షణ ఇచ్చారు, వీఆర్ కాదు. తర్వాతి ఏడాదిలో శిక్షణ పొందిన జట్టులో వెనక పొర చిరిగింది 7.8 శాతం. పొందని జట్టులో 26.6 శాతం. శిక్షణ పొందినవాళ్లకి ఒక్కొక్కరికి సగటున 21.5 ఆపరేషన్లు చేసే అవకాశం వచ్చింది, మిగతావాళ్లకి 8.5. చేతిని చూసి గురువుకి నమ్మకం కలిగితే కేసులు వాటంతటవే వస్తాయి.

నెల్లూరు_పెద్దకొడుకు

నేను డాక్టర్ని కాను. కంటి ఆపరేషన్ గురించి వెతుకుతుంటే ఈ పేజీ కనిపించింది. మీరందరూ వెనక పొర చిరగడం అంటున్నారే, అది మా అమ్మకి జరిగింది.

రెండేళ్ల కిందట కుడి కంటికి శుక్లం తీయించడానికి తీసుకెళ్లాం. అరగంట అన్నారు, రెండు గంటలైంది. బయటికొచ్చి "పొర చిరిగింది, అద్దం ఇప్పుడు వేయలేకపోయాం" అన్నారు. ఆపరేషన్ చేసిందెవరని అడిగితే "టీమ్ చేసింది" అన్నారు. తర్వాత వేరే ఊళ్లో రెటీనా డాక్టర్ దగ్గర ఇంకో ఆపరేషన్. ఇప్పుడు చూపు ఉంది, పేపర్లో పెద్ద అక్షరాలు చదువుతుంది. ఎడమ కంటి శుక్లం ముదిరిపోయింది. చేయించుకోమంటే చచ్చినా రానంటోంది.

ఒక్కటే అడుగుతాను. మా అమ్మ కంటి మీద ఎవరైనా నేర్చుకున్నారా?

మేక_కన్ను_మేష్టారు

అయ్యా, మీ ప్రశ్నకి తప్పించుకునే సమాధానం ఇవ్వను.

మీ అమ్మగారి కన్ను ఎవరు చేశారో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. వెనక పొర మందం సుమారు 4 మైక్రాన్లు, వెంట్రుక మందంలో ఎన్నో వంతు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న చేతిలోనూ అది చిరుగుతుంది, నా చేతిలో చిరిగింది. అందుకని నేర్చుకునేవాళ్లే చేశారని అనుకోనక్కర్లేదు. కానీ బోధనాసుపత్రి అయితే అలా జరిగి ఉండొచ్చు కూడా. అలా జరిగితే మీకు ముందే చెప్పాలి. జరిగాక కూడా చెప్పాలి. చేసినవాళ్లే ఎదురుగా నిలబడి, ఏం జరిగిందో, తర్వాత ఏం చేయాలో చెప్పాలి. అది మీకు దక్కలేదు. మా వృత్తి తరఫున నేను సిగ్గుపడుతున్నాను.

ప్రతి సర్జన్‌కీ మొదటి కేసు ఒకటి ఉంటుంది. ఆ మొదటి కన్ను ఎవరో ఒకరి తల్లిదో తండ్రిదో అవుతుంది. అది తప్పదు. ఆ చెయ్యి అక్కడికి వచ్చేలోపు ఎంత తయారై రావాలన్నదే మేమందరం ఇక్కడ మాట్లాడుకుంటున్న విషయం.

రెండో_ఏడు_పీజీ

నెల్లూరు అన్నగారూ, మీ పోస్టు రాత్రి చదివాను. నా ప్రశ్నలో పేషెంట్ ఊసే లేదని అప్పుడు గమనించాను. నా కేసులు, నా స్కోరు, నా బ్యాచ్‌మేట్, ఇవే రాశాను. క్షమించండి. రూల్ గురించి నా కోపం చాలావరకు తగ్గింది. ఇక అడగాల్సింది ఆ స్థాయికి ఎలా చేరాలన్నదే.

కరీంనగర్_లాప్

నాది జనరల్ సర్జరీ. కన్ను నాకు తెలియదు కానీ ఈ గేటు పద్ధతి పుట్టింది మా వైపే, కాబట్టి చెబుతాను.

2002లో అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్లు ఒక ట్రయల్ ప్రచురించారు. 16 మంది రెసిడెంట్లు. సగం మందికి మిస్ట్-వీఆర్ అనే సిమ్యులేటర్ మీద శిక్షణ, సగం మందికి మామూలు పద్ధతి. తర్వాత అందరూ నిజమైన పేషెంట్లలో పిత్తాశయాన్ని కాలేయం నుంచి విడదీశారు. వీఆర్ జట్టు 29 శాతం వేగంగా పూర్తి చేసింది. పిత్తాశయానికి గాయం చేయడం, కాల్చకూడని చోట కాల్చడం రెండో జట్టులో ఐదు రెట్లు ఎక్కువ.

నన్ను కట్టిపడేసింది ఇంకొకటి. ఆ మెషీన్ తెరపై పిత్తాశయమే లేదు. కాలేయం లేదు, రక్తం లేదు. గోళాలు, గళ్లు, అంతే. బొమ్మ ఎంత నిజంగా ఉందన్న దానివల్ల ఫలితం రాలేదు. ఎక్కడ ఆపాలో ముందే నిర్ణయించడం వల్ల వచ్చింది. అనుభవమున్న సర్జన్లు అదే పని ఎలా చేస్తారో కొలిచి, ఆ స్థాయిని రెసిడెంట్లు వరసగా రెండుసార్లు అందుకునేదాకా వదల్లేదు. ఇన్ని గంటలు కూర్చోవాలన్న నియమం లేదు.

అందుకని తమ్ముడూ, నీ 40 గంటలకి విలువ ఇవ్వకు, తీసెయ్యకు. గంటలు కొలత కాదు. మీ డిపార్ట్‌మెంట్‌ని అడగాల్సింది ఒక్కటే: ఈ 85 ఎక్కణ్నుంచి వచ్చింది? మీ ఛీఫ్‌తో సహా అనుభవమున్న ముగ్గురు నలుగురు సర్జన్లు ఆ మెషీన్ మీద కూర్చుని చేసి చూపించారా? వాళ్లకెంత వచ్చింది? వాళ్లకే 80 వస్తుంటే నీకు 85 పెట్టడం న్యాయం కాదు. వాళ్లకి 95 వస్తుంటే 85 తక్కువ.

మా దగ్గర వీఆర్ లేదు. అట్టపెట్టెకి చిల్లులు పెట్టి, లోపల ఫోన్ కెమెరా బిగించి, పీజీలు హాస్టల్లో లాపరోస్కోపీ (చిన్న చిల్లుల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) కుట్లు సాధన చేస్తారు. అమెరికాలో సర్జరీ బోర్డు పరీక్షకి తప్పనిసరి చేసిన ఎఫ్ఎల్ఎస్ కూడా పెట్టెలో చేసే పరీక్షే. గుబ్బలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చడం, గుండ్రంగా కత్తిరించడం, ముడి వేయడం వంటి ఐదు పనులు. టైము, తప్పులు కలిపి మార్కులేస్తారు.

స్కిల్‌ల్యాబ్_కాపలా

నేను బయోమెడికల్ టెక్నీషియన్ని, ఒక కాలేజీలో స్కిల్ ల్యాబ్ చూసుకుంటాను. డాక్టర్ల మధ్య మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఈ కుర్రాడి సమస్యలో సగం మెషీన్‌దేమోనని నా అనుమానం.

మేడమ్‌లూ సార్లూ గదిలోకొచ్చి నేరుగా ఎక్సర్‌సైజ్ మొదలుపెడతారు. అంతకుముందు కూర్చున్న మనిషి కళ్ల దూరానికి పెట్టిన ఐపీస్‌లే ఉంటాయి. రెండు బొమ్మలు ఒకటిగా కలవకపోతే లోతు తెలియదు. లోతు తెలియకపోతే ఫోర్సెప్స్ కార్నియాని తగులుతుంది, మార్కులు పోతాయి. స్టూలు ఎత్తు, మణికట్టు ఆనించే చోటు, పెడల్ దూరం, ఇవన్నీ ఎవరికి వాళ్లు సరిచేసుకోవాలి. మా దగ్గర ఒక పీజీ మేడమ్ నెల రోజులు 60ల్లో ఉన్నారు. కాస్త పొట్టి మనిషి, కాలు పెడల్‌కి అందక మొత్తం ఒళ్లు బిగబట్టి చేసేవారు. స్టూలు మార్చాం. రెండు రోజుల్లో 80 వచ్చింది.

ఇంకొకటి, పరికరాల కాలిబ్రేషన్ చేయించారా? మా మెషీన్‌లో ఒకసారి కుడిచేతి పరికరం మొన తెరమీద కొంచెం పక్కకి చూపించేది. ఏఎంసీ (ఏటా చేసుకునే మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ముగిసిపోయి రెన్యూ కాలేదు, ఎవరూ పట్టించుకోలేదు. ఆ నాలుగు వారాల్లో వచ్చిన మార్కులన్నీ కొట్టేయాలని నేనే హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సార్‌కి లెటర్ పెట్టాను.

మార్కుల కోసం ఆడే ఆటలు కూడా చూస్తున్నాను. కొందరు ఒకే ఎక్సర్‌సైజ్ పాఠం అప్పజెప్పినట్టు చేస్తారు, ఎక్కడ ఏమొస్తుందో ముందే తెలుసు కాబట్టి. వాళ్లకి చెప్పకుండా నేను లెవెల్ మారిస్తే చేతులు ఆగిపోతాయి. పరీక్షకి వాడే ఎక్సర్‌సైజ్ సాధనకి ఇవ్వకూడదని నా ఉద్దేశం.

వార్డు_సిస్టర్_టీచర్

నర్సింగ్ ట్యూటర్‌ని. హెడ్‌సెట్ రకం మేము వాడతాం కాబట్టి ఆ అనుభవం చెబుతాను.

హెడ్‌సెట్‌లో పిల్లలకి గుండె ఆగిన పేషెంట్‌ని చూపిస్తాం. ఎవరిని పిలవాలి, కంప్రెషన్ ఎవరు మొదలుపెట్టాలి, అడ్రినలిన్ ఎప్పుడు, షాక్ ఇచ్చేముందు అందరూ మంచానికి దూరంగా ఉన్నారో లేదో ఎవరు చూడాలి. ఈ వరస తలకెక్కించడంలో అది అద్భుతం. పుస్తకంలో పదిసార్లు చదివినా గుర్తుండని అమ్మాయి, హెడ్‌సెట్‌లో ఒక్కసారి పేషెంట్‌ని పోగొట్టుకుంటే జన్మలో మర్చిపోదు. ఒకమ్మాయి తీసేసి ఏడ్చింది. పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడటానికి మనిషి ఉండాలి, అది చాలా ముఖ్యం.

అదే హెడ్‌సెట్‌తో క్యాన్యులా (మందులు ఎక్కించడానికి సిరలో పెట్టే సన్నని గొట్టం) వేయడం నేర్పాలని చూశాం, కుదరలేదు. చేతిలో ఉన్నది ప్లాస్టిక్ కంట్రోలర్. సూది సిరలోకి దిగినప్పుడు వేలికి తెలిసే ఆ చిన్న సడలింపు, విరేచనాలతో ఎండిపోయిన పసిబిడ్డ చేతిలో సిర వేలికింద జారిపోవడం, అవి అందులో లేవు. దానికి రబ్బరు చెయ్యి, ఆ తర్వాత సీనియర్ సిస్టర్ పక్కన నిజం చెయ్యి. వరసకి హెడ్‌సెట్, చేతికి చేతిలాంటి వస్తువు. కొనేముందు ఏది నేర్పాలనుకుంటున్నామో అడగకుండా, వీఆర్ అంటే చాలు కొనేస్తున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే. మా పిల్లల్లో కొందరికి పది నిమిషాలకే కళ్లు తిరుగుతాయి, వాళ్లకి ఇంకో దారి ఉండాలి కదా.

మత్తు_డాక్టరమ్మ

అందరూ గేటుకి ఓటేస్తున్నారు. నేను ఒక అభ్యంతరం చెబుతాను. శిక్షణకి వాడే మార్కు వేరు, ఒక మనిషి భవిష్యత్తుని నిర్ణయించే మార్కు వేరు. సాధనలో 70 వస్తే రేపు మళ్లీ చేస్తాడు. కానీ దాన్నే చూపించి "నువ్వు పనికిరావు" అంటే, ఆ కొలబద్ద నిజంగా పనితనాన్ని కొలుస్తోందని ముందు ఎవరైనా రుజువు చేయాలి. మెషీన్‌లో అంకె వచ్చింది కదా అని అది సత్యమైపోదు.

తేమ్స్_ఒడ్డు

డాక్టరమ్మ గారి మాట సబబు. దాన్ని డెన్మార్క్ వాళ్లే ముందు పరీక్షించారు. ఇంతకుముందు చెప్పిన పరిశోధనకి రెండేళ్ల ముందు, ఐసీ సిమ్యులేటర్‌లోని 13 మాడ్యూళ్లను (సాధన పాఠాలను) కొత్తవాళ్లతోనూ, చెయ్యి తిరిగిన సర్జన్లతోనూ చేయించి చూశారు. ఏడింట్లో మాత్రమే ఇద్దరికీ తేడా కనిపించింది. మిగతా ఆరింట్లో అనుభవజ్ఞుడికీ నిన్న చేరిన కుర్రాడికీ మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ ఏడింటితోనే తర్వాత పరీక్ష తయారు చేశారు. పీజీ గారూ, మీ హెచ్‌ఓడీ దగ్గరికి ఈ ఒక్క విషయం పట్టుకెళ్లండి. అన్ని మాడ్యూళ్లూ గేటు కావాల్సిన పనిలేదు.

మెషీన్ చెప్పలేనివి ఇంకా ఉన్నాయి. పేషెంట్ దగ్గితే ఏం చేస్తారు, ఎప్పుడు ఆగి "సర్, మీరు తీసుకోండి" అంటారు, ఇవి దానికి తెలియవు. అందుకని నిజం కేసుల వీడియోలకి అంతర్జాతీయ ఆప్తాల్మాలజీ కౌన్సిల్ (ఐసీఓ) వాళ్ల ఆస్కార్ అనే మార్కుల పట్టిక వాడమని అడగండి. ఆపరేషన్‌లో ప్రతి మెట్టుకీ 2 నుంచి 5 దాకా వేసే పద్ధతి, ఏ అంకెకి ఏం కనిపించాలో రాసి ఉంటుంది. ఎస్‌ఐసీఎస్‌కి విడిగా ఒకటి ఉంది, ఖర్చేమీ లేదు.

సాధన గురించి. రాత్రి తొమ్మిదిదాకా ఒకే బిగిన కూర్చోవడం మానేయండి. టొరంటోలో 38 మంది రెసిడెంట్లకి సన్నని రక్తనాళాలు కుట్టడం నేర్పారు. ఒక జట్టుకి నాలుగు పాఠాలూ ఒకే రోజు, ఇంకో జట్టుకి వారానికి ఒకటి. నెల తర్వాత చూస్తే వారానికొకటి నేర్చినవాళ్లే మెరుగ్గా చేశారు. రోజుకి అరగంట, అలసిపోకముందే లేవండి. ఇక 70ల్లో ఎందుకు ఆగుతున్నారో స్కోరు షీట్లో ఉంటుంది. గుండ్రతనం పోతోందా, అంచుకి పరుగెడుతోందా, కార్నియా తగులుతోందా? మూడింటికీ మూడు వేర్వేరు మందులు. అంచుకి పరుగెడుతుంటే చిరిగిన పొర అంచుని మొదలుకి దగ్గరగా మళ్లీ మళ్లీ పట్టుకోండి. చాలామంది కొత్తవాళ్లు ఒకే పట్టుతో సగం చుట్టు వెళ్లిపోవాలని చూస్తారు.

రెండో_ఏడు_పీజీ

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి.

ముందు టెక్నీషియన్ అన్నకి దండం. ఐపీస్‌లు నా కళ్ల దూరానికి లేవు, నా ముందు కూర్చునేది నా బ్యాచ్‌మేటే. తన కళ్లు నాకంటే దగ్గర. అది సరిచేశాక కార్నియా తగలడం దాదాపు పోయింది. స్కోరు షీట్ మొదటిసారి పూర్తిగా చదివాను. మిగిలిన తప్పంతా చుట్టులో మూడో పావు దగ్గరే. అక్కడ పట్టు మార్చకుండా మణికట్టు తిప్పుతున్నాను. తర్వాత రెండు వారాలూ రోజుకి అరగంట ఆ పావు ఒక్కటే చేశాను. 82, 88, 79, 89, 90, 91. వరసగా మూడు వచ్చాయి.

హెచ్‌ఓడీ మేడమ్ దగ్గరికి మా బ్యాచ్ నలుగురం కలిసి వెళ్లాం. డెన్మార్క్ సంగతి చెప్పాం. మేడమ్ కోప్పడలేదు. 85 ఎక్కణ్నుంచి వచ్చిందంటే, ఇన్‌స్టాల్ చేసినవాళ్లు పెట్టిన అంకె అన్నారు. మర్నాడు మేడమ్, ఛీఫ్, ఇంకో ఇద్దరు అసోసియేట్లు మెషీన్ మీద కూర్చున్నారు. రెండు చేతుల సమన్వయం మాడ్యూల్లో మా కంటే వాళ్లకే తక్కువొచ్చింది. దాన్ని గేటులోంచి తీసి సాధనకి ఉంచారు. రెక్సిస్ గేటు 85 నుంచి 88కి పెరిగింది. టన్నెల్ మాత్రం విడగొట్టారు. మేక కళ్ల మీద 10 చేసి ఛీఫ్‌కి చూపిస్తే కేసు ఇస్తారు.

పోయిన గురువారం మొదటి రెక్సిస్ చేశాను. ఆపరేషన్ ముందురోజు ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఒక భాగం నేను చేస్తాను, మా సార్ పక్కనే రెండో మైక్రోస్కోప్‌లోంచి చూస్తుంటారు, వద్దంటే సారే మొత్తం చేస్తారు అని చెప్పాను. చాలాసేపు నా మొహం చూసి "నువ్వే చెయ్యి బాబూ, చెప్పావు కదా" అన్నాడు. ట్రైపాన్ బ్లూ (పొర స్పష్టంగా కనిపించడానికి వేసే నీలి రంగు) వేసి మొదలుపెట్టాను. మెషీన్‌లో కంటే పొర మెత్తగా అనిపించింది. మూడో పావు దగ్గర అంచుకి కదలడం మొదలైంది. ఆగాను. "సర్" అన్నాను. సార్ తీసుకుని వెనక్కి లాగి కేంద్రం వైపు తిప్పారు, లిటిల్ పద్ధతి. మిగతా పావు మళ్లీ నాకిచ్చారు. మర్నాడు పట్టీ తీస్తే ఆయన గోడమీద క్యాలెండర్ చదివాడు.

నెల్లూరు_పెద్దకొడుకు

బాబూ, ఇది అమ్మకి చదివి వినిపించాను. "ముందే చెప్పాడా?" అని రెండుసార్లు అడిగింది. ఎడమ కంటికి వెళ్లేటప్పుడు మేమేం అడగాలో మేష్టారు చెబుతారా?

మేక_కన్ను_మేష్టారు

ఆపరేషన్ ఎవరు చేస్తారు, మీరు ఆయన్ని ముందు చూడగలరా అని అడగండి. నేర్చుకునేవాళ్లు ఎవరైనా చేస్తారా, చేస్తే ఎంత భాగం, పక్కన ఎవరుంటారు అని అడగండి. కుడి కంటి కాగితాలన్నీ, ముఖ్యంగా రెండో ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ, తప్పక పట్టుకెళ్లండి. శుక్లం బాగా ముదిరిందని, మొదటి కంటికి ఇలా అయిందని మీరే ముందు చెప్పండి. అలాంటి కంటిని అనుభవమున్న సర్జనే చేయాలని అడగడం మీ హక్కు. అడిగినందుకు మొహం చిట్లించే చోట ఆగకండి, ఇంకో చోటికి వెళ్లండి.

నెల్లూరు_పెద్దకొడుకు

రాసుకున్నాను. అమ్మ సరేనంది. మంగళవారం చూపించడానికి తీసుకెళ్తున్నాను.